ప్లేగు ముదిరితే ఏం చేస్తారు? మీ ప్రశ్నలకు డాక్టర్ జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ప్లేగు గురించి నాలుగు ముక్కలు రాస్తే, దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. కొందరు భయపడ్డారు, కొందరు "లేని జబ్బు గురించి ఎందుకండీ ఈ గోల" అని దెబ్బలాడారు, ఎక్కువమంది మాత్రం జబ్బు ముదిరాక ఏం చేస్తారు, మనిషి బతుకుతాడా అని అడిగారు. కాబట్టి ఈసారి ఎలుకల సంగతి పక్కనపెట్టి వైద్యం గురించే మాట్లాడుకుందాం. ముందే చెప్పేస్తాను, నా సర్వీసులో ప్లేగు రోగిని నేను ఒక్కరిని కూడా చూడలేదు, మీ డాక్టర్లలో చాలామంది చూసి ఉండరు. కానీ ప్లేగు ముదిరినప్పుడు జరిగేది సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ వల్ల ఒంట్లోని అవయవాలు దెబ్బతినే స్థితి. సెప్సిస్‌ని మాత్రం ఐసీయూలో పనిచేసే ఏ డాక్టరైనా రోజూ చూస్తూనే ఉంటాడు.

ప్రశ్న: నేను నర్సింగ్ చదువుతున్నాను. 2025లో అమెరికాలోని ఆరిజోనాలో ఒకరు ఊపిరితిత్తుల ప్లేగుతో చనిపోయారని చదివాను. అన్ని మందులు, అంత పెద్ద ఆసుపత్రులు ఉన్న దేశంలో కూడా చనిపోతే, అసలు ప్లేగుకి మందు ఉన్నట్టా లేనట్టా?

ఉంది. స్ట్రెప్టోమైసిన్‌ని 1943లో కనిపెట్టారు, ఆ తర్వాత కొద్ది ఏళ్లకే అది ప్లేగు మీద బ్రహ్మాండంగా పనిచేస్తుందని తేలింది, ఇప్పటికీ పనిచేస్తోంది. మందులేని రోజుల్లో గజ్జల్లోనో చంకల్లోనో బిళ్ల కట్టే బ్యుబోనిక్ ప్లేగు వస్తే నూటికి 30 నుంచి 60 మంది పోయేవాళ్లు, ఊపిరితిత్తులకి వస్తే దాదాపు అందరూ పోయేవాళ్లు. ఇప్పుడు అమెరికాలో అన్ని రకాలూ కలిపి చూసుకుంటే పది మందిలో ఒకరు పోతున్నారు. అక్కడ ఏడాదికి సగటున ఏడు కేసులు వస్తాయి, అంతే.

ఆ ఒక్కరు ఎందుకు పోతున్నారు అంటే, దాదాపు ప్రతిసారీ మందు ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల. యెర్సీనియా పెస్టిస్ అనే ఈ క్రిమి ఒంట్లోకి వచ్చాక మొదట్లో మన రక్షణ వ్యవస్థకి ఆచూకీ ఇవ్వకుండా గుట్టుగా పెరుగుతుంది. ఒళ్లు కాలిపోయే జ్వరం, వణుకు వచ్చేసరికే క్రిములు విపరీతంగా పెరిగిపోయి ఉంటాయి. ఊపిరితిత్తుల ప్లేగులో అయితే మొదటి రోజు ఫ్లూ లాగే ఉంటుంది, జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. ఆ తర్వాత దగ్గు, ఆయాసం, కళ్లెలో రక్తం. లక్షణాలు మొదలైన 24 గంటల్లో సరైన యాంటీబయాటిక్ పడితే బతికే అవకాశం బాగా ఉంటుంది, ఆ గడువు దాటాక గంట గంటకీ తగ్గిపోతుంది. ఫ్లూ అనుకుని పారాసెటమాల్ వేసుకుని పడుకుంటే ఆ ఒక్క రోజు కాస్తా నిద్రలోనే గడిచిపోతుంది.

ఇంకో చిక్కు ఉంది, నర్సింగ్ వాళ్లు కాబట్టి ఇది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నేరుగా రక్తంలోకి పాకే సెప్టిసీమిక్ ప్లేగులో బిళ్ల కనపడకపోవచ్చు. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పితో వస్తారు, మనం కడుపులో ఏదో ఇన్ఫెక్షన్ అని సెలైన్ పెట్టి ఊరుకుంటాం. అక్కడ కాపాడేది స్కానింగ్ కాదు, రోగి చెప్పే కథ. ప్లేగు ఉన్న ప్రాంతానికి వెళ్లొచ్చారా, చుట్టుపక్కల ఎలుకలో ఉడతలో చచ్చిపడటం చూశారా, చచ్చిన జంతువుని ముట్టుకున్నారా, ఇంట్లో పిల్లికి జబ్బు చేసిందా అని అడగాలి. ఈ నాలుగు ప్రశ్నలకి రెండు నిమిషాలు కూడా పట్టదు, కానీ వేళ కాని వేళ రద్దీగా ఉన్న క్యాజువాలిటీలో అవే ముందు ఎగిరిపోతాయి.

ప్రశ్న: మా అన్నయ్య వేరే జబ్బుతో ఐసీయూలో ఉన్నప్పుడు అన్నిటికంటే గట్టి ఇంజెక్షన్ ఇస్తున్నామని చెప్పారు. ప్లేగుకి కూడా అలాంటి పెద్ద మందులే వాడతారా? స్ట్రెప్టోమైసిన్ లాంటి పాతకాలం మందు ఇప్పుడు ఎవరికి కావాలి?

"గట్టి మందు" అనే మాట మా డాక్టర్లమే అలవాటు చేశాం, తప్పు మాదే. ఏ క్రిమికి ఏ మందు తగులుతుంది అన్నదే లెక్క, మందు కొత్తదా ఖరీదైనదా అన్నది కాదు. ప్లేగు విషయంలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్ అనగానే అలవాటుగా రాసే సెఫ్‌ట్రియాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్లు, పెన్సిలిన్ జాతి మందులు ప్లేగుకి నమ్ముకోదగ్గవి కావు. మామూలు న్యుమోనియా అనుకుని వాటితోనే రెండు రోజులు నెట్టుకొస్తే, మందు పడుతూనే ఉంటుంది, మనిషి జారిపోతూనే ఉంటాడు. అజిత్రోమైసిన్ కూడా అంతే.

పనికొచ్చేవి మూడు నాలుగు కుటుంబాలు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్లు ఒకటి. సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్, మాక్సీఫ్లోక్సాసిన్ రెండోది. డాక్సీసైక్లిన్ మూడోది. క్లోరాంఫెనికాల్ అనే పాత మందు నాలుగోది, దాని సంగతి మెదడు పొరల దగ్గర చెప్తాను. స్ట్రెప్టోమైసిన్ చాలాచోట్ల చేతికి అందేలా దొరకడం లేదు కాబట్టి దాని స్థానంలో జెంటామైసిన్ వాడుతున్నారు, అదీ బాగానే పనిచేస్తుంది. టాంజానియాలో 65 మంది మీద జెంటామైసిన్‌నీ డాక్సీసైక్లిన్‌నీ పోల్చి చూసి 2006లో ఫలితాలు ప్రకటించారు, జెంటామైసిన్ వాడినవాళ్లలో 94 శాతం, డాక్సీసైక్లిన్ వాడినవాళ్లలో 97 శాతం కోలుకున్నారు. మడగాస్కర్‌లో చేసి 2025లో ప్రచురించిన మరో పరిశోధనలో, బ్యుబోనిక్ ప్లేగుకి పది రోజులు సిప్రోఫ్లోక్సాసిన్ మాత్రలు మాత్రమే ఇచ్చినా, మొదట మూడు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి తర్వాత మాత్రలకి మార్చిన పద్ధతికి ఏమీ తీసిపోలేదని తేలింది. ప్లేగు ఎక్కువగా వచ్చేది ఆసుపత్రికి దూరంగా ఉండే పల్లెల్లో. అక్కడ రోజూ సూది వేసేవాళ్లని వెతుక్కోనక్కర్లేకుండా మాత్రలతో పని జరగడం మామూలు విషయం కాదు. నన్నడిగితే ఈ పదేళ్లలో ప్లేగు వైద్యంలో వచ్చిన మంచి వార్త ఇదే.

కానీ అది బిళ్ల కట్టి, స్పృహలో ఉండి, మాత్ర మింగగలిగే మనిషికి. ఊపిరితిత్తులకో రక్తానికో పాకి పరిస్థితి విషమించినవాళ్లకి మొదట్లోనే రెండు వేర్వేరు కుటుంబాల మందులు కలిపి నరం ద్వారా ఇవ్వమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఉదాహరణకి జెంటామైసిన్, దానితో పాటు లీవోఫ్లోక్సాసిన్. రెండు మందులు ఒకదానికంటే కచ్చితంగా మేలని మనుషుల్లో పెద్ద పరిశోధన ఏదీ నిరూపించలేదు, నిజమే. అయినా ఎందుకంటే, ఒక మందుకి లొంగని క్రిమి అయితే రెండోది పట్టుకుంటుందని. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, 1995లో మడగాస్కర్‌లో ఒక రోగి నుంచి తీసిన క్రిమి స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ మూడింటికీ లొంగలేదు. అలాంటివి చాలా అరుదు, కానీ చావుబతుకుల్లో ఉన్న మనిషి దగ్గర జూదం ఆడలేం కదా. మనిషి తేరుకుంటే ఒక మందు ఆపేసి రెండోదాన్ని కొనసాగిస్తారు, మొత్తం 10 నుంచి 14 రోజులు. మూడో రోజుకే జ్వరం తగ్గిందని మానేయడం కుదరదు.

రిపోర్టు కోసం ఆగాలా అని ఇంకొకరు అడిగారు. ఆగకూడదు. రక్తం, కళ్లె, బిళ్లలోంచి సూదితో తీసిన నీరు, ఇవి ముందు తీసి ల్యాబ్‌కి పంపి, వెంటనే మందు మొదలుపెట్టాలి. కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షలో, ఈ క్రిమి నింపాదిగా పెరుగుతుంది, రెండు రోజులైనా పడుతుంది, పైగా ఆటోమేటిక్ మెషీన్లు దీన్ని దాని దగ్గరి బంధువుగా పొరబడి వేరే పేరు చూపించిన సందర్భాలు ఉన్నాయి. అందుకే ప్లేగు అనుమానం ఉందని ల్యాబ్ వాళ్లకి ఫోన్ చేసి చెప్పాలి. వాళ్లకి సరిగ్గా గుర్తించడానికీ, వాళ్లని వాళ్లు కాపాడుకోవడానికీ రెండింటికీ అది అవసరం.

ప్రశ్న: ప్లేగు వస్తే చేతి వేళ్లు, కాలి వేళ్లు, ముక్కు కొన నల్లబడతాయని విన్నాను. మందులు మొదలుపెట్టాక కూడా నల్లబడుతూ ఉంటే మందు పనిచేయనట్టే కదా? వెంటనే తీసేయకపోతే విషం ఒంటికంతా పాకుతుందా?

మీ రెండు అనుమానాలకీ జవాబు కాదనే, కానీ కొంచెం వివరంగా చెప్పాలి.

క్రిమి రక్తంలో చేరాక దాని పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే విషపదార్థం రక్తనాళాల లోపలి గోడల్ని దెబ్బతీస్తుంది. దాంతో రక్తం గడ్డకట్టే వ్యవస్థ అంతా ఒక్కసారిగా గాడి తప్పుతుంది. సన్న నాళాల్లో ఎక్కడికక్కడ రక్తం గడ్డలు కడుతుంది. అలా కట్టడానికే ప్లేట్‌లెట్లూ గడ్డకట్టించే పదార్థాలూ అన్నీ ఖర్చయిపోతాయి కాబట్టి, ఇంకోపక్క సూది గుచ్చిన చోట, చిగుళ్లలో, చర్మం కింద రక్తం కారుతూ ఉంటుంది. ఒకే మనిషిలో ఒకేసారి గడ్డకట్టడం, కారడం రెండూ. దీన్ని డీఐసీ అంటారు. చివరన ఉండే భాగాలకి, అంటే వేళ్లకి, ముక్కు కొనకి, చెవి తమ్మెలకి రక్తం అందక ముందు నీలంగా, తర్వాత నల్లగా మారతాయి.

యాంటీబయాటిక్ చేసేది క్రిమిని చంపడం ఒక్కటే. దొంగ దొరికాడని పోయిన సొమ్ము ఇంటికి నడిచి రాదు, ఇదీ అంతే. అప్పటికే పూడుకుపోయిన నాళాలు మందు పడగానే తెరుచుకోవు, కాబట్టి మందు బ్రహ్మాండంగా పనిచేస్తున్నా రెండు మూడు రోజులు నలుపు పెరుగుతూ కనిపించొచ్చు. దానికితోడు బీపీ పడిపోయినప్పుడు ఇచ్చే నార్‌అడ్రినలిన్ లాంటి మందులు గుండెకీ మెదడుకీ రక్తం అందేలా చేస్తూ చేతులకి, కాళ్లకి వెళ్లే నాళాల్ని బిగిస్తాయి. ఇంట్లోవాళ్లు "మీ ఇంజెక్షన్ వల్లే వేళ్లు నల్లబడ్డాయి" అని కోప్పడితే ఆ మాటలో కొంత నిజం ఉంటుంది. కాకపోతే ఆ ఇంజెక్షన్ ఆపితే వేళ్ల సంగతి తర్వాత, ప్రాణమే ఉండదు. ఈ మాట ముందుగానే కూర్చోబెట్టి చెప్పే డాక్టర్లకి తర్వాత గొడవలు తక్కువ.

మరి డీఐసీకి వైద్యం ఏంటంటే, అసలు వైద్యం మూలంలో ఉన్న ఇన్ఫెక్షన్‌ని ఆపడమే. రక్తం కారుతుంటేనో, ఏదైనా గొట్టం వేయాల్సి వస్తేనో ప్లేట్‌లెట్లు, ప్లాస్మా ఎక్కిస్తారు. రిపోర్టులో అంకె తగ్గింది కదా అని ఊరికే ఎక్కించరు, ప్లేట్‌లెట్లు ఎక్కించమని రోజూ పట్టుబట్టే బంధువులు దయచేసి ఇది గమనించండి.

తీసేయడం గురించి: తొందరపడకూడదు. ఎండిపోయినట్టు, పొడిగా నల్లబడ్డ వేలు దానంతట అది ఒంటికంతా విషం పాకించదు. బతికున్న కండకీ చచ్చిపోయిన కండకీ మధ్య గీత స్పష్టంగా ఏర్పడేదాకా ఆగుతారు, దానికి వారాలు పట్టొచ్చు. మొదటి రోజు చూసి మణికట్టు దాకా పోయిందనుకున్నది నెల తర్వాత చూస్తే వేళ్ల కొనల దగ్గరే ఆగి ఉండొచ్చు. తొందరపడి కోస్తే బతికే వేలు కూడా పోతుంది, పైగా రక్తం గడ్డకట్టని స్థితిలో ఆపరేషన్ అంటే ఇంకో ప్రమాదం. అదే తడిగా, చీము పట్టి, వాసన వస్తూ కుళ్లుతుంటే మాత్రం ఆగే పని లేదు, సర్జన్ వెంటనే రావాలి. 2012లో అమెరికాలోని ఆరెగాన్‌లో, గొంతులో ఎలుక ఇరుక్కున్న పిల్లి నోట్లోంచి దాన్ని తీయబోయి కరిపించుకున్న ఒకాయనకి ప్లేగు ఇలాగే ముదిరింది. వెంటిలేటర్ దాకా వెళ్లి వచ్చాడు, చేతి వేళ్లు, కాలి వేళ్లు పోయాయి, మనిషి బతికాడు.

ప్రశ్న: ఐసీయూలో మందులు కాకుండా ఇంకేం చేస్తారు? ఊరికే వెంటిలేటర్ పెట్టి ఉంచుతారా?

ఊరికే పెట్టరండీ. బీపీ పడిపోతే మొదట సెలైన్ ఎక్కిస్తారు, కానీ ప్లేగులో ఊపిరితిత్తుల నాళాలు కూడా కారుతూ ఉంటాయి కాబట్టి అతిగా ఎక్కిస్తే ఆ నీరంతా ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం పెరుగుతుంది. అందుకని కొంచెం కొంచెంగా ఇస్తూ, మూత్రం ఎంత వస్తోందో, రక్తంలో లాక్టేట్ (ఒంటికి రక్తం సరిగా అందకపోతే పెరిగే పదార్థం) ఎంత ఉందో చూసుకుంటూ పోతారు. సెలైన్‌తో బీపీ నిలబడకపోతే నార్‌అడ్రినలిన్. దానికీ నిలబడకపోతే తక్కువ మోతాదులో హైడ్రోకార్టిసోన్, ఇది సెప్టిక్ షాక్, అంటే సెప్సిస్‌తో బీపీ పడిపోవడం, ఎవరికి వచ్చినా చేసేదే. ఊపిరితిత్తులు గట్టిపడి ఆక్సిజన్ లాగలేని స్థితికి వస్తే వెంటిలేటర్, అవసరమైతే రోజులో ఎక్కువ గంటలు బోర్లా పడుకోబెట్టడం. కిడ్నీలు ఆగిపోతే డయాలసిస్. ఇక్కడ ఒక మెలిక ఉంది, జెంటామైసిన్ కూడా కిడ్నీల మీద, చెవి మీద పనిచేసే మందే, అందుకని కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో దాని మోతాదూ, ఇచ్చే వ్యవధీ మార్చాలి, రక్తంలో మందు ఎంత ఉందో కొలుస్తూ ఉండాలి. లేదా దాన్ని వదిలేసి వేరే కుటుంబం మందు వైపు వెళ్లాలి. ఇవన్నీ క్రిమిని చంపే పనులు కావు. మందు తన పని తాను చేసుకునేదాకా మనిషిని నిలబెట్టి ఉంచే పనులు.

ప్రశ్న: జ్వరం తగ్గింది కానీ గజ్జల్లో బిళ్ల తగ్గలేదు, ఇంకా పెద్దదైంది అంటే మందు మార్చాలా? కోసి చీము తీసేస్తే త్వరగా తగ్గుతుంది కదా?

జ్వరం సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది, బిళ్ల మాత్రం వారాలు ఉంటుంది. మధ్యలో కొంచెం పెరిగినట్టు అనిపించినా, జ్వరం లేకుండా మనిషి తేలికపడుతుంటే కంగారు అక్కర్లేదు. మొదట్లో గట్టిగా ఉన్న బిళ్లకి కోత పెట్టడం మాత్రం వద్దు, క్రిములు రక్తంలోకి చెదిరే ప్రమాదం ఉంది, కోసేవాళ్లకీ సోకొచ్చు. పరీక్ష కోసం సన్న సూదితో లాగడం వేరు, కోయడం వేరు. కొన్ని రోజులు మందు పడ్డాక అది మెత్తబడి, లోపల చీము కదులుతున్నట్టు తెలిస్తే అప్పుడు జాగ్రత్తగా తీస్తారు. ఆ చీముని కల్చర్‌కి పంపాలి, ఎందుకంటే అప్పటికి ప్లేగు క్రిమి పోయి వేరే బ్యాక్టీరియా చేరి ఉండొచ్చు, దానికి మందు వేరు. మళ్లీ జ్వరం రావడానికి కూడా చాలాసార్లు కారణం ఇదే.

ప్రశ్న: మందు వాడుతుండగానే రెండో వారంలో మెదడువాపు వస్తుందని ఎక్కడో చదివి అప్పటినుంచీ టెన్షన్‌గా ఉంది. ఇది నిజమేనా?

అరుదే కానీ నిజం. ప్లేగు మెనింజైటిస్, అంటే ప్లేగు క్రిమి వల్ల మెదడు పొరలు వాయడం, ఎక్కువగా వచ్చేది మందు ఆలస్యమైనవాళ్లకి, లేదా అరకొరగా వాడినవాళ్లకి. చంకలో బిళ్ల కట్టినవాళ్లలో ఇది కొంచెం ఎక్కువని పాత అనుభవం. జ్వరం తగ్గిన మనిషికి మళ్లీ జ్వరం, భరించలేని తలనొప్పి, మెడ పట్టేయడం, మాట తడబడటం, మగతగా ఉండటం, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా వెన్నులోంచి నీరు తీసి చూడాల్సిందే.

ఇది ఎందుకు వస్తుందంటే, మెదడుకి కాపలాగా ఉండే గోడ జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్‌లని లోపలికి సరిగా రానివ్వదు. ఒంట్లో క్రిములు చస్తాయి, మెదడు పొరల్లో దూరినవి బతికిపోతాయి. అందుకే ఇక్కడ క్లోరాంఫెనికాల్ రంగంలోకి వస్తుంది, అది ఆ గోడని సులభంగా దాటుతుంది, దానితో పాటు లీవోఫ్లోక్సాసిన్ గానీ మాక్సీఫ్లోక్సాసిన్ గానీ ఇస్తారు. మధ్యలో మెనింజైటిస్ వస్తే ఆ మందుల్ని కలిపి మరో పది రోజులు పొడిగించాలి. క్లోరాంఫెనికాల్‌తో ఎముకల మూలుగ దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి రక్తపరీక్షలు చేస్తూ ఉంటారు. ప్రమాదం తెలిసే ఇస్తారు, ఎందుకంటే రెండో పక్కన ఉన్నది అంతకంటే పెద్ద ప్రమాదం.

ప్రశ్న: గర్భిణికి ప్లేగు వస్తే బిడ్డ కోసం మందులు తగ్గించి ఇస్తారా?

తగ్గించరు. తల్లి బతికితేనే బిడ్డ, మందు పడకపోతే ఇద్దరికీ ప్రమాదమే, గర్భం పోయే అవకాశం చాలా ఎక్కువ. స్ట్రెప్టోమైసిన్ వల్ల కడుపులో బిడ్డకి వినికిడి దెబ్బతినొచ్చు కాబట్టి జెంటామైసిన్ ఎంచుకుంటారు, దానికి సిప్రోఫ్లోక్సాసిన్ గానీ లీవోఫ్లోక్సాసిన్ గానీ జతచేస్తారు. మామూలు రోజుల్లో గర్భిణికి రాయడానికి వెనకాడే మందులే ఇవి. పిల్లలకి కూడా ఇదే తర్కం, డాక్సీసైక్లిన్ పళ్ల రంగు మారుస్తుందనే భయంతో ప్లేగు వచ్చిన బిడ్డకి మందు ఆపరు.

ప్రశ్న: రోగిని చూసుకునేవాళ్ల సంగతేంటి? ఒకే గదిలో ఉన్నంత మాత్రాన అందరికీ వస్తుందా? మాస్క్ చాలా?

బిళ్ల మాత్రమే ఉన్న రోగి నుంచి గాలి ద్వారా రాదు, చీముని చేతులతో ముట్టుకోకుండా గ్లవ్స్ వేసుకుంటే చాలు. ఊపిరితిత్తుల ప్లేగు అలా కాదు, దగ్గినప్పుడు వచ్చే తుంపరలతో వస్తుంది, అందులోనూ సుమారు రెండు మీటర్ల లోపు దగ్గరగా మసిలినవాళ్లకి. కారిడార్‌లో ఎదురుపడ్డవాళ్లకి రాదు. రోగికి సరైన మందు మొదలై 48 గంటలు గడిచి, మనిషి తేరుకుంటున్నట్టు కనిపించేదాకా విడిగా ఉంచాలి. చూసుకునేవాళ్లు మాస్క్, కళ్లజోడు, గ్లవ్స్ వేసుకోవాలి.

మాస్క్ చాలా అని అడిగారు కాబట్టి ఒక పాత సంగతి. 1910-11లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చి సుమారు 60 వేల మంది పోయారు. అప్పుడు ఊ లియెన్ తె అనే డాక్టర్ ఇది ఎలుకల నుంచి కాదు, మనిషి నుంచి మనిషికి గాలిలో వస్తోందని చెప్పి, గాజుగుడ్డ, దూది కలిపి మాస్కులు కుట్టించాడు. ఆయన మాట నమ్మని ఒక ఫ్రెంచి డాక్టర్ మాస్క్ లేకుండా రోగుల్ని చూశాడు, కొద్ది రోజుల్లోనే ప్లేగుతో చనిపోయాడు. ఆ తర్వాత మాస్క్ గురించి అక్కడ ఎవరూ వాదించలేదు.

అయితే మాస్క్ లేకుండా అప్పటికే దగ్గర మసిలినవాళ్లకి మాస్క్ ఇప్పుడు పనికిరాదు, వాళ్లకి కావలసింది ముందుజాగ్రత్త మందు. డాక్సీసైక్లిన్ గానీ సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్‌లలో ఒకటి గానీ ఏడు రోజులు. ఆ ఏడు రోజులూ జ్వరం చూసుకోవాలి, జ్వరం వస్తే అది ఇక ముందుజాగ్రత్త కాదు, పూర్తి వైద్యం మొదలుపెట్టాలి. 2017లో మడగాస్కర్‌లో 2,400 పైచిలుకు కేసులు వచ్చి 200 మందికి పైగా పోయారు, ఆ కేసుల్లో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల ప్లేగుగానే లెక్కకెక్కాయి. అక్కడ కూడా రోగులతో మసిలినవాళ్లని వేల సంఖ్యలో వెతికి పట్టుకుని మాత్రలు మింగించారు, వ్యాప్తి ఆగడానికి ఆ తిరుగుడు చాలా సాయపడింది.

ప్రశ్న: ఎందుకైనా మంచిదని డాక్సీసైక్లిన్ రెండు స్ట్రిప్పులు ఇంట్లో పెట్టుకోవచ్చా?

వద్దు. 1994లో సూరత్‌లో ప్లేగు అన్న వార్త రాగానే అందరూ ఇదే చేశారు, టెట్రాసైక్లిన్ దుకాణాల్లో దొరక్కుండా పోయింది. రోగితో మసలనివాళ్లు మింగితే ఒరిగేదేమీ లేదు, మసిలినవాళ్లకి దొరక్కపోతే ప్రాణాలు పోతాయి.

ప్రశ్న: మీ వ్యాసం చదివాను. ప్లేగు పోయి వందేళ్లయింది. జనాన్ని భయపెట్టడం తప్ప దీనివల్ల ఉపయోగం ఏంటి?

వందేళ్లు కాలేదండీ. సూరత్ సంగతి పైన చెప్పాను. 2002లో హిమాచల్‌లోని హట్కోటీలో 16 మందికి వచ్చి నలుగురు పోయారు, 2004లో ఉత్తరకాశీ జిల్లా డంగూడ్ అనే ఊళ్లో ఎనిమిది మందికి వచ్చి ముగ్గురు పోయారు. మడగాస్కర్, కాంగో, పెరూ దేశాల్లో ఇప్పటికీ వస్తూనే ఉంది. అడవి ఎలుకల్లో, ఉడత జాతుల్లో ఈ క్రిమి తిరుగుతున్నంత కాలం మధ్యమధ్యలో ఎవరికో ఒకరికి తగులుతుంది. భయపడమని నేను చెప్పలేదు, డాక్టర్ "ఎక్కడికైనా వెళ్లొచ్చారా" అని అడిగితే విసుక్కోకుండా జవాబు చెప్పమంటున్నాను, అంతే.

ప్రశ్న: తీవ్రంగా వచ్చి తగ్గినవాళ్లు మళ్లీ మామూలు మనుషులవుతారా? ఒకసారి వస్తే మళ్లీ రాదా? టీకా ఉందా?

బిళ్ల దశలోనే మందు పడినవాళ్లు దాదాపు పూర్తిగా మామూలవుతారు. ఐసీయూ దాకా వెళ్లొచ్చినవాళ్ల సంగతి వేరు, నెలల తరబడి నీరసం, కండలు కరిగిపోవడం, నిద్రపట్టకపోవడం, మతిమరుపు లాంటివి ఉంటాయి. ఇవి ప్లేగువి కావు, సెప్సిస్ ఎవరికి వచ్చినా ఇలాగే ఉంటుంది. "జబ్బు తగ్గిపోయింది కదా, ఇంకా పడుకోవడమేంటి" అని ఇంట్లోవాళ్లు అనకుండా ఉంటే సగం పని అయినట్టే. ఫిజియోథెరపీ త్వరగా మొదలుపెట్టాలి. జెంటామైసిన్ గానీ స్ట్రెప్టోమైసిన్ గానీ పడినవాళ్లు కిడ్నీ పరీక్షలు, వినికిడి పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే చెవిలో హోరు, నడుస్తుంటే తూలడం లాంటివి ఇంజెక్షన్లు ఆపాక కూడా బయటపడొచ్చు. వేళ్లు పోయినవాళ్లకి కృత్రిమ అవయవాలు, చేతి పని మళ్లీ నేర్పే శిక్షణ ఉన్నాయి.

ఒకసారి వస్తే మళ్లీ రాదన్న గ్యారంటీ లేదు, కొంత రక్షణ ఉంటుంది, జీవితాంతం ఉంటుందని నమ్మలేం. టీకా విషయానికొస్తే, హాఫ్కిన్ అనే శాస్త్రవేత్త 1897లో బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసి ముందు తన మీదే ప్రయోగించుకున్నాడు. అది బ్యుబోనిక్ ప్లేగుకి కొంత అడ్డుపడింది. ఇప్పుడు మామూలు జనం వేయించుకోవడానికి టీకా ఏదీ లేదు. ఈ క్రిమితో రోజూ పనిచేసే ల్యాబ్ సిబ్బంది లాంటి వాళ్లకి తప్ప టీకా అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తోంది. మీ ఇంట్లో ఎవరికైనా ప్లేగు వచ్చి తగ్గి ఉంటే డిశ్చార్జి కాగితం పారేయకండి, ఏ మందులు ఎన్ని రోజులు వాడారో అందులో ఉంటుంది, తర్వాత చెవికో కిడ్నీకో ఇబ్బంది వస్తే చూసే డాక్టర్ మొదట అడిగేది అదే.